పాపకి ఆటలమ్మ టీకా ఇప్పుడు వేయించవచ్చా? పక్కింట్లో అమ్మవారు పోసింది, మా ఇంట్లో తోటికోడలు కడుపుతో ఉంది

పాప_వాళ్ళమ్మ (తెనాలి), 2026 ఫిబ్రవరి 21

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. మూడు రోజులుగా ఒకటే టెన్షన్‌గా ఉంది.

మా పాపకి 16 నెలలు నిండాయి. టీకాలన్నీ మా దగ్గర ప్రభుత్వ ఆసుపత్రిలోనే వేయిస్తున్నాం, కార్డులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఈ నెల 11న, బుధవారం, 16 నెలల టీకాలు వేశారు. ఎమ్మార్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు. ఎమ్మార్ అంటే తట్టు టీకా కదా, ఆటలమ్మకి కూడా అదే పనిచేస్తుందని నేను ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఏఎన్ఎమ్ గారిని అడిగితే "కాదమ్మా, అది వేరే టీకా, మా దగ్గర ఉండదు, బయట పిల్లల డాక్టర్ దగ్గర వేయించుకోవాలి" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మా పక్కింటి బాబుకి ఆరేళ్ళు. 18వ తారీఖు పొద్దున లేచేసరికి ఒంటి నిండా పొక్కులట. వాళ్ళు గుమ్మానికి వేపమండలు కడితే అది చూసి మాకు తెలిసింది. కానీ 17 సాయంత్రం ఆ బాబు మా ఇంట్లోనే ఉన్నాడండీ. హాల్లో మా పాపతో రెండు గంటలు ఆడుకున్నాడు, మా తోటికోడలు పక్కనే కూర్చుని ఇద్దరికీ అన్నం కలిపి పెట్టింది. తనకి ఇప్పుడు నాలుగో నెల.

మా అత్తయ్యగారు టీకా వద్దే వద్దంటున్నారు. "చిన్నప్పుడు పోస్తేనే మంచిది, ఒంట్లో వేడి పోతుంది, మీ ఆయనకీ మీ మరిదికీ పోసింది, ఏమైంది?" అంటారు. అంతవరకైతే సర్దిచెప్పేదాన్నే. "టీకాలో ఉండేదీ ఆ పురుగే కదా, పాపకి పొడిపిస్తే కడుపుతో ఉన్న పిల్లకి అంటుకుంటుంది" అనేసరికి నాకూ భయం వేసింది. మా ఆయనేమో సోమవారమే తీసుకెళ్ళి వేయించేద్దాం అంటున్నారు. ఒక్కో డోసు 2 వేల పైనే అని చెప్పారు, రెండు వేయించాలట. డబ్బు సంగతి ఎలాగో చూసుకుంటాం. ఇప్పుడు వేయించవచ్చా? పాపకి ఇప్పటికే అంటుకుని ఉంటే వేయించినా లాభం ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇద్దరు_బాబుల_తల్లి (కూకట్‌పల్లి)

టైమింగ్ సంగతి డాక్టర్లే చెప్పాలి కానీ, వస్తే వచ్చిందిలే అని మాత్రం వదిలేయకండి అండీ. మా ఇద్దరికీ అప్పట్లో తెలియక వేయించలేదు. నాలుగేళ్ళ క్రితం మార్చిలో పెద్దాడికి స్కూల్లో అంటింది, వాడికి అప్పుడు ఆరేళ్ళు, వారం రోజులు బాధపడి లేచాడు. హమ్మయ్య అనుకుంటుండగా సరిగ్గా రెండు వారాలకి చిన్నాడికి మొదలైంది. వాడికి రెండేళ్ళు. పెద్దాడికి లేచినవాటికి మూడింతలు లేచాయి. నోట్లో, కనురెప్పల అంచున, డైపర్ కట్టే చోట. పాలు మింగలేక నోరు తెరుచుకుని ఏడ్చేవాడు, పల్చటి మజ్జిగ చెంచాతో పోస్తే రెండు గుక్కలు తాగేవాడు, అంతే. రాత్రుళ్ళు గోక్కోకుండా మా ఆయన సాక్సులు చేతులకి తొడిగి చొక్కా చేతుల అంచుకి కుట్టేశాను. అయినా ఒకరోజు తెల్లవారుజామున నేను కునుకు తీసిన అరగంటలో ముక్కు మీద పొక్కు గీరేసుకున్నాడు. చీము పట్టింది, యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది, ఆ గుంట ఇప్పటికీ ఉంది. వాడికి ఆరేళ్ళు వచ్చినా ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రులే గుర్తొస్తాయి.

ఇంకొకటి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. జ్వరానికి ఇంట్లో ఉన్న సిరప్ వేయబోయే ముందు లేబుల్ చదవండి. మన ఇళ్ళల్లో ఉండే చాలా సిరప్‌లలో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కూడా కలిసి ఉంటుంది, ఆటలమ్మ ఉన్న పిల్లలకి అది వేయకూడదని మా డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆస్పిరిన్ అసలే వద్దు. ఉత్త పారాసిటమాల్ ఒక్కటే.

టీకాల_సిస్టర్ (విజయవాడ)

నేను పిల్లల వార్డులో, తర్వాత టీకాల గదిలో కలిపి 19 ఏళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. అమ్మా, మీరు పాప గురించి అడిగారు గానీ, ముందు మీ తోటికోడలి సంగతి చూడండి. తొందర ఆవిడకి.

ఆటలమ్మ పొక్కులు లేచాకే అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. పొక్కులు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది. పక్కింటి బాబుకి 18 పొద్దున లేచాయంటే 17 సాయంత్రం మీ హాల్లో ఉన్నప్పుడు అంటించే స్థితిలోనే ఉన్నాడు. రెండు గంటలు ఒకే గదిలో, పక్కనే కూర్చుని అన్నం పెట్టారంటే ఆవిడకి సోకే అవకాశం బాగా ఉంది. అందుకని ఈ రోజే ఆవిడని, వాళ్ళమ్మగారిని అడగండి, చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని. పోసి ఉంటే దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. పోయలేదన్నా, గుర్తులేదన్నా, రేపటిదాకా ఆగకుండా ఆవిడని చూసే డాక్టరమ్మకి ఫోన్ చేయండి. వారిసెల్లా (అంటే ఆటలమ్మే) ఐజీజీ అని రక్తపరీక్ష ఉంటుంది. ఒంట్లో రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న రక్షణని ఒంట్లోకి ఎక్కించే ఇంజెక్షన్ ఇస్తారు, లేదా మందులు వాడాలో డాక్టరమ్మ నిర్ణయిస్తారు. ఆ ఇంజెక్షన్ ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, గడువు మహా అయితే సోకిన 10 రోజుల్లోపు, అంటే మీ లెక్కన 27వ తారీఖు. గర్భిణులకి ఆటలమ్మ వస్తే న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఉంది. మొదటి 20 వారాల్లో అయితే నూటికి ఒకటి రెండు కేసుల్లో కడుపులో బిడ్డకీ దెబ్బ తగులుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, నాలుగు రోజులు అప్పుడే గడిచిపోయాయి కాబట్టి చెబుతున్నాను.

ఆవిడకి మాత్రం ఇప్పుడు ఆటలమ్మ టీకా వేయించకూడదు. అది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా, గర్భంతో ఉన్నప్పుడు ఇవ్వరు. అవసరమైతే కాన్పు అయ్యాక వేయించుకోవచ్చు, పాలిచ్చే తల్లులకి అభ్యంతరం లేదు.

ఇక పాప. సోమవారం వేయించకండి. మీ ఆయన తొందర సరైనదే కానీ ఎమ్మార్ అడ్డొచ్చింది. ఎమ్మార్ కూడా సజీవ టీకానే. ఇలాంటివి రెండు ఇంజెక్షన్లు ఒకే రోజు వేయవచ్చు, ఆ రోజు దాటితే మధ్యలో 28 రోజుల ఎడం ఉండాలి, లేకపోతే రెండోది సరిగ్గా పట్టదు. 11 ఫిబ్రవరికి 28 రోజులు కలిపితే 11 మార్చి. ఆ రోజు లేదా ఆ తర్వాత వేయించండి. డీపీటీతో, పోలియో చుక్కలతో ఈ గొడవ లేదు. మామూలుగా సోకిన 3 రోజుల్లో, ఎక్కువంటే 5 రోజుల్లో టీకా వేస్తే జబ్బు రాకుండానో, వచ్చినా తేలిగ్గా పోయేలానో చేయొచ్చు, ఎమ్మార్ ఎడం వల్ల మీ విషయంలో ఆ దారి మూసుకుపోయింది. అయినా తర్వాత వేయించడం వృథా కాదు, ఇప్పుడు సోకకపోయి ఉంటే రేపు స్కూల్లో సోకుతుంది కదా.

సోకిన 10 నుంచి 21 రోజుల మధ్య బయటపడుతుంది, ఎక్కువగా రెండు వారాలకి. అంటే పాపని 27 ఫిబ్రవరి నుంచి 10 మార్చి దాకా రోజూ స్నానం చేయించేటప్పుడు పొట్ట, వీపు, తలలో వెంట్రుకల మధ్య చూడండి. మీ తోటికోడలికి రక్షణ లేదని తేలితే, 25 నుంచే పాపకి దూరంగా పుట్టింటికి పంపడం మంచిది, ఎందుకంటే పొక్కులకి ముందే అంటుతుందని చెప్పాను కదా. పొక్కులు కనిపిస్తే ఆసుపత్రి హాల్లో నలుగురి మధ్య కూర్చోబెట్టకండి, ముందే ఫోన్ చేసి వెళ్ళండి. జ్వరం నాలుగు రోజులు దాటినా, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, ఆయాసపడినా, మరీ మగతగా ఉన్నా, నడక తూలినా ఆలస్యం చేయొద్దు.

అత్తయ్యగారి భయం గురించి. టీకా వేసిన బిడ్డ నుంచి ఇంకొకరికి అంటుకోవడం చాలా చాలా అరుదు, అదీ టీకా తర్వాత బిడ్డకి పొక్కులు లేస్తేనే. కొందరికి టీకా వేసిన నెలలోపు నాలుగైదు చిన్న పొక్కులు రావొచ్చు. అలా వస్తే బట్టతో కప్పి ఉంచి, కడుపుతో ఉన్నావిడ ఎత్తుకోకుండా చూసుకుంటే చాలు. ఇంట్లో గర్భిణి ఉందని బిడ్డకి టీకా ఆపరు. బిడ్డ స్కూలు నుంచి అసలు జబ్బే మోసుకొస్తే ఆవిడకి దానికంటే ఎన్నో రెట్లు ప్రమాదం.

భారత పిల్లల వైద్యుల సంఘం చెప్పే లెక్క ప్రకారం మొదటి డోసు 15 నెలలకి, రెండోది 18, 19 నెలలకి. ఆలస్యమైందని కంగారు పడొద్దు, రెండిటి మధ్య 3 నెలల ఎడం ఉంటే సరి. 15 నెలలప్పుడు ఎమ్మెమ్మార్ (ఎమ్మార్‌కి గవదబిళ్ళల టీకా కూడా కలిపినది), ఆటలమ్మ టీకా రెండూ ఒకే రోజు చెరో తొడకి వేయించుకునేవాళ్ళు చాలామంది. ప్రభుత్వ కార్డుతో వెళ్ళేవాళ్ళకి ఈ మాట ముందుగా చెప్పేవాళ్ళు ఉండరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

మామిడితోట_అక్క (నూజివీడు)

మా పాపకి ఏడాదిన్నరకి టీకా వేయించాం, అయినా యూకేజీలో వచ్చింది. అంత డబ్బు పోసి ఏం లాభం అనిపించింది. ఎవరి ఇష్టం వాళ్ళది, జరిగింది చెప్పాను.

హ్యూస్టన్_నాన్న

@మామిడితోట_అక్క, ఒక మాట అడుగుతాను, మీ పాపకి ఎన్ని పొక్కులు లేచాయి, ఎన్ని డోసులు వేయించారు? ఒక్క డోసుతో నూటికి 80 నుంచి 85 మందికి అసలు రాదు, మిగతావాళ్ళకి వచ్చినా ఎక్కువ మందికి 50 పొక్కులు కూడా లేవవు. టీకా లేని పిల్లలకి మామూలుగా 250 నుంచి 500 దాకా లేస్తాయి. అమెరికాలో 1995లో ఒక్క డోసుతోనే మొదలుపెట్టారు. టీకా వేయించుకున్న పిల్లలున్న స్కూళ్ళలో కూడా అక్కడక్కడ పాకుతూనే ఉందని చూసి 2006 నుంచి రెండో డోసు చేర్చారు. రెండు వేయిస్తే రక్షణ 90 శాతం దాటుతుంది. టీకా రాకముందు ఈ దేశంలో ఏటా దాదాపు 40 లక్షల మందికి వచ్చేది, 10 వేలకి పైగా ఆసుపత్రిలో చేరేవాళ్ళు, 100 నుంచి 150 మంది చనిపోయేవాళ్ళు. చిన్న జబ్బే అని మనం అనుకునేదానికి అంతమంది.

ఈ టీకా పుట్టుకకి మేముండే ఊరితో సంబంధం ఉంది. జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి 1960లలో హ్యూస్టన్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు ఆయన మూడేళ్ళ కొడుక్కి ఆటలమ్మ బాగా తీవ్రంగా వచ్చింది. ఆ బాధ కళ్ళారా చూశాకే దీనికి టీకా చేయాలని పూనుకున్నాడు, జపాన్ తిరిగి వెళ్ళి 1974లో చేసి చూపించాడు. ఈ రోజు ప్రపంచమంతా వేస్తున్నది ఎక్కువగా ఆ వైరస్ రకమే. ఇంగ్లండ్‌లో కూడా చాలా ఏళ్ళు తటపటాయించి 2026 జనవరి నుంచి పిల్లల మామూలు టీకాల్లో చేర్చారు.

@పాప_వాళ్ళమ్మ, మీకు పనికొచ్చే మాట ఒకటి. టీకా సీసా మీది స్టిక్కర్ కార్డులో అంటించమనండి, తారీఖు, డాక్టర్ సంతకం స్పష్టంగా ఉండాలి. మా బాబుకి గుంటూరులో రెండు డోసులూ వేయించాం, రెండోదాని తారీఖు ఎక్కడా రాయలేదు. ఇక్కడ స్కూల్లో చేర్పించేటప్పుడు రెండు డోసుల రుజువు అడిగారు, అది లేక మళ్ళీ వేయించాల్సి వచ్చింది. మీరు ఎక్కడికి వెళ్ళినా వెళ్ళకపోయినా కాగితం ఉండాలి.

ఓరుగల్లు_మాస్టారు

అమ్మాయీ, మీ అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోకు. నాకు 71 ఏళ్ళు. మా చిన్నతనంలో అమ్మవారు అంటే పెద్దమ్మవారు, మశూచి. మా వాడకట్టులో ఇద్దరు పిల్లలు పోయారు, ఒకామెకి కన్ను పోయింది. ఆ రోజులు చూసినవాళ్ళకి ఆటలమ్మ పోస్తే తక్కువలో పోయిందిలే అనే అనిపిస్తుంది, మొక్కుకుంటారు, పోపు కూడా వేయరు. ఆ మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది, 1977లో లేదని ప్రకటించారు. ఎలా ఆగింది? టీకాతోనే. ఆమె చేతి మీద కూడా పెద్ద మచ్చ ఉండి ఉంటుంది, చూడు. ఆ మచ్చ చూపించి నెమ్మదిగా అడుగు, అత్తయ్యా మీకు మీ అమ్మగారు ఎందుకు వేయించారు అని.

నాకు రెండేళ్ళ క్రితం నడుము చుట్టూ సర్పి వచ్చింది. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ పురుగే నరాల్లో దాక్కుని ముసలితనంలో ఇలా లేస్తుందని డాక్టర్ చెప్పారు. మూడు నెలలు చొక్కా తగిలితే నిప్పు పెట్టినట్టు ఉండేది. ఒకసారి పోస్తే పీడ పోయినట్టే అనే మాట నిజం కాదమ్మా. టీకా వేయించుకున్న పిల్లలకి ఈ సర్పి కూడా తక్కువేనట.

పాప_వాళ్ళమ్మ, ఫిబ్రవరి 24

సిస్టర్ గారూ, మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. మీ జవాబు చదివి ఆ రాత్రే తోటికోడలి అమ్మగారికి ఫోన్ చేశాం. "ఏదో పోసింది, తట్టో అమ్మవారో గుర్తులేదు" అన్నారు. డాక్టరమ్మకి చెబితే వెంటనే రక్తపరీక్ష రాశారు. ఈ రోజు మధ్యాహ్నం రిపోర్టు ఫోన్‌కి వచ్చింది, ఐజీజీ పాజిటివ్ అని. ఆ పాజిటివ్ అన్న మాట చూసి మా మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు, అంటుకుందనే అనుకున్నాడు. తను అక్కడే మంచం మీద కూర్చుని ఏడ్చేసింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఐజీజీ పాజిటివ్ అంటే పాత రక్షణ ఉందని, చిన్నప్పుడు పోసి ఉంటుంది, హాయిగా అన్నం తినండి" అన్నారు. ఇంకెవరైనా ఈ పరీక్ష చేయిస్తే ఆ మాటకి మాలాగా బెంబేలెత్తిపోకండి.

పాపకి 11 మార్చి అని క్యాలెండర్‌లో చుట్టేశాను. మాస్టారు గారూ, అత్తయ్యగారి మచ్చ చూశాను, రూపాయి బిళ్ళంత ఉంది.

టీకాల_సిస్టర్ (విజయవాడ)

చల్లని కబురు చెప్పారమ్మా. పాప ఒళ్ళు చూడడం మాత్రం 10 దాకా మానొద్దు. 11న జ్వరం లేకుండా ఉంటేనే తీసుకెళ్ళండి, మామూలు జలుబు ఉన్నా పర్వాలేదు.

పాప_వాళ్ళమ్మ, మార్చి 12

పాపకి ఒక్క పొక్కు కూడా లేవలేదండీ. నిన్న టీకా అయింది. డాక్టర్ గారు తొడకి ఇచ్చారు, అర నిమిషం ఏడ్చి నర్సు గారి చేతిలో పెన్ను లాక్కుంది. రాత్రి ఒళ్ళు కాస్త వెచ్చబడింది, పొద్దునకి తగ్గిపోయింది. స్టిక్కర్ కార్డులో అంటించారు, పక్కనే రెండో డోసు 11 జూన్ అని రాయించుకున్నాను.

అత్తయ్యగారు కూడా మాతో వచ్చారు. ఇంటికొచ్చాక పాప దిండు కింద రెండు వేపరెబ్బలు పెట్టారు, ఉండనిచ్చాను. రాత్రి నన్ను పిలిచి, "మీ ఆడపడుచు కొడుక్కి వేయించారో లేదో రేపు ఫోన్ చేసి కనుక్కో" అన్నారు. వాడికి మూడేళ్ళు. వేయించలేదట.